ఎడమచేతి మిషన్

విఠల్ కుడిచేతి మూడు వేళ్లు విప్పుతాడు. బొటనవేలు కుడికి, చూపుడువేలు ముందుకు, నడిమివేలు పైకి. మిషన్ కదిలే మూడు దారులు అవి. నారాయణగూడ సిగ్నల్ దగ్గర స్కూటర్ ఆపినా వేళ్లు వాటంతటవే విచ్చుకుంటాయి. చాయ్ పోసే గోవర్ధన్, "మూడు చాయ్‌లా అన్నా? ఒక్కనివే ఉన్నవ్ గద," అంటాడు.

ఇరవై ఏళ్లు చిక్కడపల్లిలో బోర్డులు రాశాడు. ఫ్లెక్సీలొచ్చి కుంచె ఆగింది. 2012లో, కంప్యూటర్ చెప్పినట్టు చెక్క చెక్కే చిన్న మిషన్ ఒకటి తనే తయారుచేసుకున్నాడు. ముందుగదిలో దాన్ని నేలకు బోల్టులతో బిగించాడు.

ఏడాదైనా పని అంతంతే. భార్య రాజకుమారి కారణం కనిపెట్టింది.

"పడమర మొఖం పెట్టి పనిజేస్తే గిరాకీ ఎట్లొస్తది?"

"మిషన్ నేలకు బిగించిన."

"మిషన్‌ను తిప్పమన్ననా? నువ్వు తిరుగు."

తిరిగాడు. అవతలి పక్కకు వెళ్లి తూర్పుముఖంగా నిలబడ్డాడు. అటునుంచి చూస్తే ముందుకు పోవాల్సిన చెక్కే మొన వెనక్కి వచ్చింది. ఆ మోటారు వైర్లు తారుమారు చేశాడు. ఎప్పటిలా శుభమని ముందుగా ఒక పద్మం చెక్కాడు. చక్కగా వచ్చింది. కుడి ఎడమల మోటారు సంగతి అతనికి తట్టలేదు.

మర్నాడు అశోక్‌నగర్ నుంచి ఉదయశ్రీ ఒక టేకు పలక తెచ్చింది. కూల్చేసిన ఇంటి తలుపుది. దానిమీద నాన్న పేరు చెక్కాలి, విశ్వేశ్వరరావు అని. పలక వెనక మేకుతో గీసిన పదకొండు గీతలున్నాయి. ఆమె ఎత్తు కొలిచి ఏడాదికొకటి నాన్న గీసినవి.

"గవి మాత్రం ముట్టొద్దన్నా."

మధ్యాహ్నం మొదలుపెట్టాడు. మొదటి అక్షరం పలక కుడి అంచున పడింది. అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. ఎర్ర బటన్ నొక్కాడు.

కూర్చోలేకపోయాడు. గది చుట్టూ తిరిగాడు. కుడిచేతి వేళ్లు విప్పి మిషన్ పైన పట్టాడు. మొన కదిలే దారులకు సరిపోలేదు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చివరికి ఎడమచెయ్యి ఎత్తాడు. సరిగ్గా సరిపోయింది. పద్మానికి కుడీ ఎడమా ఒకటే. అందుకే అది ఏమీ చెప్పలేదు.

రెండో మోటారు వైర్లు కూడా మార్చాడు. కానీ పలక?

చిత్రిక పడితే మచ్చ పోతుంది. ఆమెకు తెలియదు కూడా. ఆ ఆలోచనతో రెండుసార్లు చిత్రిక అందుకుని రెండుసార్లు కింద పెట్టాడు. సాయంత్రం పలక చంకన పెట్టుకుని అశోక్‌నగర్ వెళ్లాడు.

ఉదయశ్రీ అక్షరాన్ని చూసింది. పలక తిప్పి గీతలు తడిమింది.

"ఎంత లోతు?"

"రెండు మిల్లీమీటర్లు. మూడు తీస్తే పోతది. గీతలు అట్లనే ఉంటయ్."

"మళ్ల తప్పితే?"

"ఇంకోసారికి చెక్క మందం సరిపోదక్కా. నువ్వు వద్దంటే ఇట్లనే ఇచ్చిపోత."

ఆమె పలకను మళ్లీ అక్షరం వైపు తిప్పింది. "చెప్పకుంటే నాకు తెల్వకపోతుండె గదన్నా."

"తెల్వకపోతుండె."

ఆమె పలకను అతని చేతిలో పెట్టింది. "నిదానంగ చెయ్."

మర్నాడు పొద్దున్నే లేచి పలకకు చిత్రిక పట్టాడు. పద్మం చెక్కలేదు. చెత్తచెక్క ముక్క మీద 'శ్రీ' చెక్కాడు. వాకిట్లోకి తెచ్చి వెలుతురులో చూశాడు. రాజకుమారిని పిలిచి చదవమన్నాడు. ఆమె చదివింది. అప్పుడు టేకు పలక బిగించి, విచ్చుకోబోయిన కుడిచేతి వేళ్లను జేబులో పెట్టుకుని, ఎడమచేత్తో మిషన్ ఆన్ చేశాడు.