నాకా కాడ పుట్టింటి చీర

మూతికి గుడ్డ కట్టుకుని, మనిషిని చూస్తే మనిషి జడుసుకున్న ఆ రోజులు ఇప్పుడు తలుచుకుంటే వేరే ఎవరికో జరిగినట్టుంటాయి. అప్పుడు నేను హుజూర్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు పంతులుగా కొత్తగా చేరాను. చాక్‌పీసు పొడి చేతికి సరిగ్గా అంటకముందే బడి మూతపడింది, ఇంటికొచ్చి పడ్డాను. మాది కోదాడకు తూర్పున రాష్ట్రం అంచున ఉన్న చిన్న ఊరు. ఊరి బయట వాగు, వాగు మీద చప్టా, చప్టా దాటితే ఆంధ్రా. ఆ చప్టా ఉన్న చోటును మా వాళ్లు 'నాకా' అంటారు. నిజాం కాలంలో అక్కడ సుంకం వసూలు చేసే నాకా ఉండేదట. నాకా పోయినా పేరు పోలేదు. (చిన్నప్పుడు నాయిన "నాకా కాడికి పోయొస్త" అంటే, "నీకా? ఏం తెచ్చుకుంటవ్ నాయినా?" అని వెంటపడేవాణ్ణట. ముందు ముందు తెలుగు పంతులు కాబోయేవాడి తెలివి అది.)

మా నానమ్మది అవతలి ఊరే. పెళ్లయి బండెక్కి ఇటు వస్తుంటే నాకా జవాను పెట్టె తెరిపించి, కొత్త చీరలకు సుంకం కట్టమన్నాడట. ఒంటి మీది బట్టకు సుంకం లేదని ఎవరో పెద్దమనిషి గుర్తు చేస్తే, పెట్టెలో చీరలన్నీ ఒకదాని మీద ఒకటి ఆమెకే చుట్టేశారట. మండుటెండ. బండి దిగడానికి కాళ్లు కదలక, పెళ్లికూతుర్ని నలుగురు ఎత్తుకొచ్చి గడప దాటించారట. "మీ తాత నన్ను గుర్తువట్టలే, బట్టల మూట అనుకున్నడు" అని ఆమె ముసలితనంలో కూడా విరగబడి నవ్వేది. తర్వాత నాకా ఎత్తేశారు, హద్దు సంగతి అందరూ మరిచారు. నాయిన అక్కను, అంటే మా మేనత్తను, మళ్లీ ఆ ఊరికే ఇచ్చారు. రాష్ట్రాలు విడిపోయినప్పుడు చప్టాకు అటొక బోర్డు, ఇటొక బోర్డు లేచాయి. మా వాళ్లు ఆ గుంజలకు బర్రెలను కట్టేసుకున్నారు, అంతకు మించి ఏ మార్పూ లేదు.

అత్త మాట మాత్రం ఒక వింత. పుట్టింటి మాటను వదల్లేదు, అత్తింటి మాటను కాదనలేదు. "గీడ కూసోండమ్మా, జర ఓపిక పట్టండి, అన్నం ఇప్పుడే అయిపోద్ది" అనేది. అవతలి వాళ్లు 'తెలంగాణా కోడలు' అని, మా ఊరివాళ్లు 'ఆంధ్రా ఆడబిడ్డ' అని ఆటపట్టిస్తే, "నా నోరు, నా ఇష్టం. మీకేం నొప్పి?" అని దులిపేసేది. ఎండాకాలం సెలవులన్నీ ఆమె వంటింట్లోనే గడిపిన నాకు ఆ కలగాపులగం బాగా అంటుకుంది. చదువుకునే రోజుల్లో స్నేహితులు వెక్కిరిస్తే కష్టపడి వదిలించుకున్నాను. ఎవరి దగ్గర వారి యాస మాట్లాడగలనని లోపల్లోపల కొంచెం పొగరు కూడా ఉండేది.

కరోనా వచ్చాక చప్టాకు ఆ చివర వాళ్లు, ఈ చివర మనవాళ్లు ట్రాక్టర్లతో మట్టి కట్టలు పోశారు. ఒక్కో కట్ట దగ్గర ఒక్కో పోలీసు. ఒకరోజు పొద్దున్నే అత్త నిద్రలోనే పోయిందని ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేశాడు. నాయిన అమ్మతో, "చీర తియ్యి" అన్నాడు. పెళ్లయిన ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు వచ్చి, తమ చేతులతో కొత్త చీర కప్పాలి. అది కప్పనిదే పాడె లేవదు. కప్పకుండా పంపితే ఆ మనిషికి పుట్టిల్లు లేనట్టే. దుకాణాలు మూసి ఉన్నాయి కనుక, అమ్మ తనకోసం కొనుక్కుని మడత విప్పకుండా దాచిన పసుపుపచ్చ చీర తీసిచ్చింది. నాయినకు మోకాళ్ల నొప్పులు. బండి వెనక కూర్చోబెట్టుకుంటే, చీరను సంచిలో పెట్టనివ్వలేదు, గుండెకు ఆనించి పట్టుకున్నాడు.

దారి పొడవునా నేను రెండు మాటలు కంఠతా పట్టాను. మన పోలీసుకు: "సార్, మా మేనత్త సచ్చిపోయింది, జర పోనియ్యుండ్రి." వాళ్ల పోలీసుకు: "మా మేనత్త చనిపోయిందండి, దయచేసి వెళ్లనివ్వండి." తీరా మన పోలీసు లాఠీతో లేచి నిలబడేసరికి నా నోట్లోంచి వచ్చింది ఇది: "సార్ అండి, మా అత్త పోయిందండి, జర అవతలికి ఎళ్లాలండి."

ఆయన ఎక్కడో పైజిల్లా నుంచి డ్యూటీకి వచ్చినవాడు. "నువ్వు అవతలోనివా? మరి గీడికెట్లొచ్చినవ్ రా? నడువ్, మీ దిక్కు నడువ్!" అని కసిరాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కట్టెక్కి, చప్టా మీద పరుగెత్తి, అవతలి కట్ట ముందు నిలబడి చేతులు జోడించాను. "అయ్యా, మా అత్త సచ్చిపోయిందండి, గాడ ఎదురుసూస్తుండ్రండి!"

"నువ్వు తెలంగాణావాడివి కదయ్యా! ఎవడొదిలాడు నిన్ను? ఎళ్లు ఎళ్లు, ఎనక్కెళ్లు!"

వెనక్కి వచ్చాను. "ఇప్పుడే గద అవతలోన్నంటివి? మల్లెందుకొచ్చినవ్?" అని మన పోలీసు లాఠీ అడ్డం పెట్టాడు. ఇలా అటూ ఇటూ తిరిగి తిరిగి చివరికి చప్టా నడుమ నిలబడిపోయాను. ఇద్దరికీ కానివాణ్ణయ్యాను. తెలుగు చెప్పి బతికేవాణ్ణి, తెలుగులో ఏ ఊరివాణ్ణో చెప్పుకోలేకపోయాను. కింద వాగులో నీళ్లు కూడా లేవు, దూకి సిగ్గు దాచుకుందామంటే.

అప్పుడు నాయిన కుంటుకుంటూ కట్ట దగ్గరకు వచ్చాడు. "సారూ, గిది పుట్టింటి చీర. మేం కప్పందే మా అక్కను ఎత్తరు. పొద్దటి సంది ఆగిండ్రు" అన్నాడు. మన పోలీసు లాఠీ దించాడు. కాసేపు అవతలికి చూసి, "అన్నా, పుట్టింటి చీరంట!" అని కేకేశాడు.

అవతలి పోలీసు టోపీ తీసి తల నిమురుకున్నాడు. "అయ్యో... మనుషుల్ని వదిలితే మా ఉద్యోగాలు పోతాయి. ఆవిణ్ణే ఈ కట్ట దాకా తీసుకురమ్మంటాను. మధ్యలో ఉన్నాడుగా, వాడెవరివాడో ఇంకా తేలలేదు. వాడు కప్పితే ఎవరూ అడగరు" అన్నాడు. నవ్వుతాలకు అన్నాడో, నిజంగానే అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

బావ, ఇంకో ముగ్గురు అత్తను మోసుకొచ్చి అవతలి కట్ట మీద దించారు. నాయిన ఇవతలి కట్ట మీదుగా చీర అందించాడు. ఇవ్వడానికి ముందు దాన్ని కళ్లకద్దుకున్నాడు. తీసుకెళ్లి, మడత విప్పి, అత్త మీద కప్పి, అంచు సర్దాను. బావ వెక్కివెక్కి ఏడుస్తూ, "అమ్మా, మీవాళ్లొచ్చారే, చూడవే" అన్నాడు.

"మొకం కనబడుతున్నదారా?" వెనక నుంచి నాయిన అరిచాడు.

"కనబడతందండి నాయినా."

"ఎట్లుంది?"

"మంచిగుందండి. జర నిద్రపోతన్నట్టుంది, అంతే. మీరు పరేషాన్ అవకండి."

నాయిన మట్టి మీద కూలబడిపోయాడు. ఏడుస్తూనే నవ్వాడు. "అచ్చం మా అక్క మాట్లాడినట్టే ఉన్నది గదరా" అన్నాడు. "ఇంకోపారి మాట్లాడు బిడ్డా. ఏదన్న ఒకటి మాట్లాడు."

కట్టలు ఎప్పుడో తీసేశారు. ఇప్పుడు కోదాడలో పాఠాలు చెబుతున్నాను. నేను బోర్డు వైపు తిరగ్గానే పిల్లలు నా మాటను అనుకరించి కిసకిసలాడతారు, వినబడనట్టు ఊరుకుంటాను. ఇంటికి వెళ్తే నాయిన ఏదో వంకతో నన్ను మాట్లాడిస్తూనే ఉంటాడు, కళ్లు మూసుకుని వింటాడు. బండి మీద దారంతా రెండు మాటలు వల్లెవేసి, రెండూ చెడగొట్టుకున్న ఆ కుర్ర పంతులు గుర్తొస్తే నవ్వొస్తుంది. తప్పు మాట్లాడానని ఆ రోజు ఎంత సిగ్గుపడ్డాడో, పాపం.