సాఫ్ చేసిన మచ్చ

ఏడేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. చూడబోతే అందులో ఉన్నవి నాలుగే మాటలు. దొంగతనం చేయలేదు, ఎవరి మీదా చెయ్యెత్తలేదు. అయినా ఆ నాలుగు మాటలు గుండె మీద బండలా కూర్చున్నాయి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

సూరత్‌లో పర్వత్ పాటియా దగ్గర నాకొక ఫోటో స్టూడియో ఉంది. పొద్దంతా ముఖాలు చూడటమే నా పని. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే ఒక్కో ముఖంలో ఎన్ని వింతలో! ఎవరి ముక్కు ఎటు వంకరో, ఎవరికి ఏ చెవి పెద్దదో వాళ్ల ఇంట్లోవాళ్ల కంటే నాకే బాగా తెలుసు. మా వీధిలో చాలామంది తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చినవాళ్లే, మేమూ అంతే. పెళ్లి సంబంధాలకు పంపే ఫోటో కోసం వచ్చి, "జర సాఫ్ చేయ్ భాయ్" అంటారు. సాఫ్ అంటే మా దగ్గర అర్థం ఒక్కటే. మచ్చలు పోవాలి, మొటిమలు పోవాలి, రంగు కాస్త తేలాలి. అడగకపోయినా చేసేస్తాను. చేయకపోతేనే తగాదా.

లావణ్య మాత్రం పెళ్లి ఫోటో కోసం రాలేదు. ఎంబీబీఎస్ అయిపోయింది, పీజీ పరీక్షకు, ఆపైన రెసిడెన్సీకి దరఖాస్తు పెట్టాలి. తోడు వాళ్ల నాన్న నర్సయ్య కాక వచ్చాడు. మా వెనక సందు కారఖానాలో ముప్పై ఏళ్లుగా మగ్గాలు నడుపుతున్న మనిషి. ఆ మోతకు చెవులు సగం పోయాయి. ఆయనతో అరిచి మాట్లాడాలి. ఆయన మాత్రం తలూపడంతోనే సరిపెట్టేవాడు.

లావణ్య ఫోన్‌లో నియమాలు చదివి వినిపించింది. వెనక తెల్లగా ఉండాలి. రెండు చెవులూ కనబడాలి. ఫైలు చిన్నదిగా ఉండాలి. ఆఖరిది రెండుసార్లు చదివింది. ఫోటోలో ఏ మార్పూ చేయకూడదు. "అన్నా, ఎడిటింగ్ బిల్‌కుల్ వద్దు. మచ్చ గిట్ల ఏం ముట్టకు" అంది. సరేనన్నాను.

ఆ మచ్చ ఆమె ఎడమ కనుబొమ్మను రెండుగా చీలుస్తుంది. ఆరేళ్లప్పుడు నాన్నకు అన్నం డబ్బా ఇవ్వడానికి కారఖానాకు వెళితే, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె గాడి తప్పి ఎగిరొచ్చి తగిలింది. అది నర్సయ్య కాక నడుపుతున్న మగ్గమే. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఆయన ముందు ఎవరూ ఆ మాట ఎత్తరు.

ఫోటో తీస్తుంటే ఫ్యాను గాలికి వెనక తెల్లగుడ్డ ఊగుతోంది. కాక వెళ్లి దాని అంచు పట్టుకుని నిలబడ్డాడు. నాలుగైదు ఫోటోలు తీశాను. వాళ్లు టీ తాగి వస్తామని బయటికెళ్లారు.

ఇప్పటికీ నాకు అంతుపట్టనిది ఆ పది నిమిషాలే. ఫోటో కత్తిరించాను, సైజు తగ్గించాను. ఆ తర్వాత నా చెయ్యి తిన్నగా కనుబొమ్మ మీదికి వెళ్లింది. తెలిసి వెళ్లిందా? అలవాటు అని చాలా ఏళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మరి ఆ చీలికలో వెంట్రుకలు ఒక్కొక్కటే గీసింది ఎవరు? అలవాటుకు అంత ఓపిక ఉంటుందా? లేదు. ఆ మచ్చ లేకపోతే ఈ పిల్ల ముఖం ఎలా ఉండేదో చూడాలనిపించింది. ఆ నాడె తగలకపోయి ఉంటే ఎలా ఉండేదో. అంతే. ఉత్త కుతూహలం. చూశాను, బాగుంది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. వాళ్లు తిరిగొచ్చి తొందరపెడితే ఆ ఫోటోనే ఇచ్చేశాను. దరఖాస్తుకు అదే చివరి రోజు. గోరంత ఫోటోలో కనుబొమ్మను ఎవరు చూస్తారు? ఆమె కూడా చూడలేదు.

మంచి ర్యాంకు వచ్చింది. పిల్లల వైద్యంలో సీటు వచ్చింది. వేరే ఊళ్లో కాగితాలు సరిచూసే చోట ఫోటోను తెర మీద పెద్దది చేశారు. మనిషికి మచ్చ ఉంది, ఫోటోకు లేదు. ఒకరి పరీక్ష ఇంకొకరు రాసే రోజులు కాబట్టి వాళ్ల అనుమానం వాళ్లది. కెమెరాలో పడ్డ అసలు ఫోటో, మార్పు స్టూడియోలోనే జరిగిందని నా సంతకంతో ఒక ఉత్తరం, ఈ రెండూ మర్నాడు మధ్యాహ్నంలోగా అందితే సీటు ఉంటుందన్నారు. లేకపోతే లేదు.

కాక కారఖానా నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. జుట్టు నిండా దూది. చేతిలో ఫోను, ఫోన్‌లో లావణ్య గొంతు.

"అన్నా, అసలు ఫోటో ఉన్నది గదా?"

ఉంది. నా ముందున్న కంప్యూటర్‌లోనే ఉంది. కానీ ఆ ఉత్తరం? వద్దన్నా నేనే మార్చానని సంతకం పెట్టాలా? బయట బోర్డు మీద 'పరీక్ష ఫారాల ఫోటోలకు గ్యారంటీ' అని రాయించుకున్నవాణ్ణి. పోలీసులు వస్తారేమో, స్టూడియో మూయిస్తారేమో. భయపడ్డాను.

"డిలీట్ అయింది చెల్లె."

"మరి మచ్చ ఎవరు తీసేయమన్నరు? నేను వద్దన్న గదా!"

నేను ఆయన వైపు తిరిగాను. "కాకా, నువ్వే కదా అన్నవ్."

ఆయనకు వినబడలేదు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ముందుకు వంగాడు. అబద్ధాన్ని రెండోసారి అరిచి చెప్పాల్సి వచ్చింది. ఆ క్షణంలో ఆగిపోయి ఉండొచ్చు. ఆగలేదు.

"నువ్వే అన్నవ్! బిడ్డ ముఖం జర సాఫ్ చేయమని!"

"నేనన్ననా?"

"అన్నవ్ కాకా. యాది చేసుకో."

ఆయన నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. తర్వాత ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. "అన్ననేమో బిడ్డా. నా నోరే గంత. నేనే అన్న."

అవతల లావణ్య ఫోను పెట్టేసింది.

ఎందుకు నమ్మాడు? దీని గురించి ఎంత ఆలోచించానో చెప్పలేను. ఆ మచ్చ పోవాలని అన్నేళ్లుగా మనసులో కోరుకుంటూనే ఉన్నాడు. మనసులో అనుకున్నది ఎప్పుడో నోట్లోంచి జారిందేమో అనుకున్నాడు. తన చెవుల మీద ఎలాగూ నమ్మకం లేదు. ఇదంతా నాకు తెలుసా? తెలిసే ఆయన్ను ఎంచుకున్నానా? లోపల ఎక్కడో తెలుసనే అనిపిస్తోంది. లేకపోతే ఆ అబద్ధం అంత సిద్ధంగా ఎలా ఉంది నా నోట్లో?

సీటు పోయింది. లావణ్య ఏడాదిపాటు తండ్రితో మాట్లాడలేదు. మళ్లీ రాసింది, మళ్లీ సీటు తెచ్చుకుంది. ఇప్పుడు ఇక్కడే సూరత్‌లో, అమ్రోలిలో పిల్లల డాక్టరు. అంతా మంచికే అయిందని వీధిలో అంటారు. తర్వాత కూతురు మాట్లాడింది గానీ, కాక మాత్రం నా స్టూడియో ముందు ఎవరు కనబడినా, "ఫోటో దిగేటప్పుడు నా లెక్క నోరు జారకున్రి" అని నవ్వేవాడు. వాళ్లూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి.

రెండు నెలల కింద కాక పోయాడు. దశదినకర్మకు ముందు లావణ్య వచ్చింది.

"అన్నా, బాపుది ఒక్క మంచి ఫోటో లేదు. నీ తాన ఏమన్న ఉన్నదా?"

ఉంది. ఆ రోజు తీసినవాటిలో కత్తిరించని మొదటి ఫోటో. ముందు లావణ్య, వెనక తెల్లగుడ్డ అంచు పట్టుకుని కాక. కూతుర్నే చూస్తున్నాడు. అంత మంచి ఫోటో ఆయనకు ఇంకొకటి లేదు. కానీ అది డిలీట్ అయిందని చెప్పింది నేనే.

"లేదు చెల్లె" అన్నాను.

లావణ్య వాళ్ల నాన్న ఆధార్ కార్డు ఇచ్చింది. "దీన్నే పెద్దగ చేయ్. సాఫ్ చేయకు, ఎట్లున్నడో గట్లనే ఉంచు" అంది. అలాగే చేసిచ్చాను. దండ వేసి పెట్టారు. అందులో ఆయన ఎవరో తెలియని మనిషిలా ఉన్నాడు.

ఆ ఫోటో ఇంకా నా దగ్గరే ఉంది. తీసుకెళ్లి ఇస్తానా? మీతో ఇస్తానని చెప్పేంత ధైర్యం నాకింకా రాలేదు. ఇదంతా రాశాక మాత్రం ఛాతీలో బరువు కొంచెం దిగింది. అంత తేలిగ్గా దిగినందుకు సిగ్గుగానూ ఉంది.

ఇందాక దాన్ని తెరిచి, అందరి ముఖాల్లాగే ఆయన ముఖాన్నీ పెద్దది చేసి చూశాను. చెవి పక్కన చిన్న దూదిపోగు. గుడ్డ కదలకుండా పట్టుకోవాలన్న పట్టుదలతో పెదవులు గట్టిగా మూసుకుని ఉన్నాడు. నర్సయ్య కాక ఆ రోజు ఒక్క మాటా అనలేదు.