శుక్రకన్యతో సిరిల్ తగాదా

క్లారెన్స్ ఓల్డ్‌రాయిడ్‌కి మనుషుల్ని అసలు పేర్లతో పిలవడం చేతకాదు. లీడ్స్‌లో మా సైన్సు కథల సంఘంలో ఎవరు చేరినా, టీ ఇచ్చేలోపే ఓ పేరు తగిలించేవాడు. నా మొహం నిండా మశూచి మచ్చలు కనక నేను ‘చంద్రబిలం’. ఎప్పుడూ ఆలస్యంగా, మూడు గజాల మఫ్లరు ఈడ్చుకుంటూ వచ్చే సిరిల్ పికిల్స్ ‘తోకచుక్క’. మేం చేరే క్లారెన్స్ అద్దె గదిలో గోల ఎక్కువైతే మేడెక్కి వచ్చి అందర్నీ ఒక్క అరుపుతో కూలేసే ఇంటి యజమానురాలు ‘గురుత్వాకర్షణ’. సైన్సు కథలు చదవని తక్కిన ప్రపంచమంతా ‘పాతాళ జీవులు’.

“అసలు పేరు మీ అమ్మ పెట్టింది. అప్పటికి నీ సంగతి ఆవిడకేం తెలుసు?” అనేవాడు.

ఓ సభ్యుడి పెళ్ళిలో పాదిరిగారు వరుడి పేరు చదవగానే క్లారెన్స్ లేచి నిలబడ్డాడు. “అయ్యా, పొరపాటు. ఈ పేరుగలవాడు ఇక్కడెవడూ లేడు.”

తర్వాత యుద్ధం వచ్చింది. మా తొమ్మిది మందిలో ఆరుగురు వెళ్ళారు. ఇద్దరు ఓడతోపాటు మునిగిపోయారు. వాళ్ళ తల్లులకొచ్చిన టెలిగ్రాముల్లో అసలు పేర్లు చూసి, పోయిందెవరో పోల్చుకోవడానికి మాకు క్షణం పట్టింది. సిరిల్‌కి క్షయ. చల్లగాలే మందని మంచు కురుస్తున్నా కిటికీలు మూయని శానిటోరియంలో, గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి మానేశాడు. వసంతం చూడడన్నాడు డాక్టరు.

సభ్యులకి పంపడానికి ఆ నెల క్లారెన్స్ సైక్లోస్టైల్ చేసిన మా సంఘం పత్రిక చూసి తెల్లబోయాను. ఐదుగురు కొత్త సభ్యుల ఉత్తరాలు!

“ఒరే, ఈ ‘శనివలయం’ ఎవడు? ఈ ‘శుక్రకన్య’ ఎవరు?”

“కొత్తగా చేరార్రా.”

“గదిలో మనిద్దరమేగా ఉన్నది!”

“మెల్లిగా మాట్లాడు. వింటే బాధపడతారు.”

శుక్రకన్య ఉత్తరం చదివాను. ‘శుక్రగ్రహం మీద వానలు పడతాయని కథ రాసిన తోకచుక్కకి బుర్రలో చెమ్మెక్కువ’ అని ఉంది.

“చావబోయేవాణ్ణి తిడతావుట్రా?”

క్లారెన్స్ తలెత్తలేదు. “అందరూ వాణ్ణి చూసి ఏడుస్తున్నారు. ఒక్కరైనా తిట్టాలిగా.”

వారం తిరక్కుండా సిరిల్ దగ్గర్నుంచి నాలుగు పేజీల జవాబొచ్చింది. చూడ్డానికి వెళ్తే నర్సు నామీద పడింది. “ఎవరండీ ఆవిడ? మంచమ్మీద లేచి కూచుని రాశాడు. సిరా అయిపోతే నన్ను కసిరాడు. కోపంలో సూపు కూడా తాగేశాడు!”

ఆ తగాదా ఏడాది దాటినా తెగలేదు. డాక్టరు చూడడన్న వసంతం వెళ్ళి, రెండోది వచ్చింది. ఇద్దరం వెళ్ళాం. సిరిల్ పుల్లలా ఉన్నాడు, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. క్లారెన్స్‌ని దగ్గరికి రమ్మని గుసగుసలాడాడు.

“ఒరే, ఆ శుక్రకన్యకి... పెళ్ళయిందా?”

క్లారెన్స్ బట్టతల మీద చెమట పట్టింది. “అయింది. ఇద్దరు పిల్లలు. మొగుడు పోలీసు.”

 సిరిల్ దిండు కిందనుంచి రాసి ఉంచిన కాయితం తీసి, కలం మూత విప్పాడు.

“అయితే ‘ప్రియమైన’ అన్నది కొట్టేస్తాను. తిట్లు అలాగే ఉంటాయి.”