చిన్నమ్మ పెట్టిన పేరు, పెట్టె మీద లేని పేరు

మా చిన్నమ్మ పోయిందని మామ ఫోన్ చేసినప్పుడు నేను వనపర్తి బస్టాండులో ఉన్నాను. "అయిపోయింది రా. హైదరాబాద్ నుంచి ఇంటికే తీస్కొస్తున్నం. అవ్వకు ఇంకా చెప్పలే. నువ్వు ముందుగాల గద్వాల పోయి ఆమె దగ్గర కూసో" అన్నాడు. చెప్పమనలేదు, కూర్చోమన్నాడు. కన్నకూతురు పోయిన తల్లి దగ్గర ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. బస్సెక్కాను.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. గద్వాలలో మగ్గం గుంట పక్కన పుట్టి, హైదరాబాదులో కంప్యూటర్ ప్రాసెసర్లు రూపొందించే చోట పెద్ద ఇంజనీరయింది. ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌కు మెదడులాంటి చిప్పు. అది పూర్తికావడానికి ఏళ్లు పడుతుంది. అమ్మకానికి పెట్టే పేరు చివర్లో ఎవరో నిర్ణయిస్తారు గానీ, అప్పటిదాకా పనిచేసేవాళ్లు పిలుచుకోవడానికి ఒక ముద్దుపేరు కావాలి కదా. చిన్నమ్మ జట్టులో ఆ పేరు పెట్టే పని ఆమెదే.

మిగతా జట్లవాళ్లు నదుల పేర్లు, కొండల పేర్లు పెట్టుకునేవాళ్లట. ఆ పేరు ఇంకెవరైనా ముందే వాడుకున్నారేమోనని కంపెనీ వకీళ్లు వెతికి, సగం పేర్లు కొట్టేసేవాళ్లట. చిన్నమ్మవి మాత్రం ఒక్కటీ వెనక్కి రాలేదు. "మా ఇంట్ల తిట్లకు ఎవడొస్తడు రా హక్కుదారుడు?" అనేది. ఊరికే వేడెక్కిపోయే చిప్పుకు తిక్కబర్రె అని పెట్టింది. కరెంటు ఎంతిచ్చినా చాలనిదానికి తిండిపోతు. ఒకసారి మీటింగులో విదేశీ అధికారి ఒకాయన చాలా గంభీరంగా, "తిక్కబర్రె ఈ వారమైనా చల్లబడుతుందా?" అని అడిగాడట. చిన్నమ్మ చున్నీ నోట్లో కుక్కుకుని బయటికి పరుగెత్తిందట. ఇది చెప్పేటప్పుడు ప్రతిసారీ మొదటిసారి చెప్తున్నట్టే నవ్వేది.

నా పేరు మీద కూడా ఒక చిప్పు ఉంది. నిద్రమొద్దు. పని లేనప్పుడు పడుకుని బ్యాటరీ మిగిల్చే రకం. నేను అలిగితే, "అరె, పండుకునుడంటే అల్కగ అనుకుంటున్నవా? దాన్ని పండవెట్టనీకె మేమెంత పరేషాన్ అయినమో నీకేం తెల్సు" అని నన్నే కసిరింది. అసలు ఆమె ఎవరినీ సొంత పేరుతో పిలిచిన మనిషి కాదు. ఆఖరికి దవాఖానలో, ఏది అడిగినా "చూద్దాం" అనే డాక్టరుకు కూడా "చూద్దాం సారు" అని పెట్టేసింది. నర్సులు కూడా చాటుగా అట్లాగే పిలవసాగారు.

చివరి చిప్పు దగ్గరికి వస్తాను. అందులో చాలా భాగాలు ఒకదానితో ఒకటి ఎడతెగకుండా మాట్లాడుకుంటాయట. దానికి వాగుడుకాయ అని పెట్టింది. మా ఇంట్లో వాగుడుకాయ అంటే అవ్వ, అంటే మా అమ్మమ్మ. ఆ సంగతి ఫోన్లో చెబితే అవ్వ మండిపడింది. "ఏమే, నీకింకేం పేరు దొర్కలేదా? నలుగుర్ల నా ఇజ్జత్ తీస్తవా?" అంది. ఫోన్ పెట్టేశాక మాత్రం వీధి వీధంతా తిరిగి, నా పేరు కంప్యూటర్లకు పెట్టిన్రు అని చెప్పుకొచ్చింది. అది బజారుకు రాగానే తెచ్చి చూపిస్తానని చిన్నమ్మ తల్లికి మాటిచ్చింది.

రోగం అంత గడువివ్వలేదు. నేను దవాఖానకు వెళ్లిన రోజు ఒళ్లంతా గొట్టాలతో పడుకుని కూడా, "ఏం రా నిద్రమొద్దూ, బస్సుల పండుకొనే వచ్చినవా?" అంది. నా వేలు పట్టుకుంది. "నేను లేవకుంటే నువ్వు చూపియ్ రా. అమ్మకు మాటిచ్చిన." నువ్వే చూపిస్తవు తియ్ అన్నాను. గాజు తలుపు అవతల చూద్దాం సారు తల దించుకుని వెళ్లిపోయాడు.

ఆమె పోయిన కొద్ది వారాలకే ఆ చిప్పున్న ల్యాప్‌టాప్‌లు అంగళ్లలోకి వచ్చాయి. ఒకటి కొన్నాను. వాగుడుకాయ అన్న పేరు కోసం పెట్టె అంతా తిప్పి తిప్పి చూశాను. ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, ఎవరో పెట్టిన నాజూకు పేరు. చిన్నమ్మతో పనిచేసిన అమ్మాయికి ఫోన్ చేశాను. "బయటికొచ్చేటప్పుడు మేం పెట్టుకున్న పేరు అంతటా తీసేస్తారన్నా. లోపలి కాగితాల్లో ఉంటుంది, కానీ అవి చూపించే అధికారం మాకు లేదు. మేమైతే ఇంకా వాగుడుకాయ అనే అంటున్నం" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. నేనే ఓదార్చాల్సి వచ్చింది. ఛ, ఇదేం న్యాయం? అన్నేళ్లు ఆ పేరుతోనే పెంచి, గడప దాటేటప్పుడు చెరిపేయడమేమిటి? ఎవరినని అడగను?

గద్వాలలో అవ్వ ముందు దాన్ని తెరిచాను. ఏ దారీ తోచక, తెర మీద పెద్ద అక్షరాలతో వాగుడుకాయ అని నేనే కొట్టి ఉంచాను. అవ్వ కళ్లద్దాలు సర్దుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంది. నా వైపు చూసింది.

"గిది నువ్వు రాసినవ్."

"అవునవ్వా."

"బిడ్డ వెట్టింది యాడున్నది?"

ఉన్నదున్నట్టు చెప్పేశాను. గుండె బాదుకుంటుందని భయపడ్డాను. ఆమె పెదవి విరిచింది. "మనం నేసిన చీర మీద మన పేరుంటదా? అంగడోని పేరుంటది. అయితేంది, ఎన్ని చీరలల్ల కలిపినా నేను నేసింది కండ్లు మూసుకోని అంచు తడిమి తీస్త. నా బిడ్డ చేసింది యాడుందో చూపియ్. తడిమి చూస్త."

చేతికి అందేది కాదవ్వా, మూత కింద, ఫ్యాను కింద, గోరంత ఉంటుంది అని ఎట్లా చెప్పను? మీటల పైభాగాన వేలు పెట్టి చూపించాను. అవ్వ చెయ్యి కొంగుకు తుడుచుకుని, అరచెయ్యి అక్కడ ఆనించింది. వేళ్లు కాసేపు అటూ ఇటూ కదిలి ఆగిపోయాయి. కళ్లు మూసుకుంది.

చాలాసేపటికి చార్జింగ్ అయిపోయి తెర నల్లబడింది. చార్జర్ కోసం లేవబోతే, రెండో చేత్తో నా మోకాలు పట్టి ఆపింది.

"ఉండనీ రా. ఇంకా వెచ్చగనే ఉన్నది."