టేపుతో బీపీ చూసిన ఉదయం

రాళ్లు కొలిచే టేపుతో ఊరందరికీ బీపీ పరీక్ష చేయించిన మేస్త్రీ ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం వల్ల ఎవరి రోగమూ కుదరలేదు. నా పరువు మాత్రం మొయినాబాద్ రోడ్డు దాకా నడిచి వెళ్లి లారీ ఎక్కేసింది. ఎలాగో చెబుతాను, నవ్వండి. నవ్వడం అయ్యాక వెంటనే లేచిపోకండి, ఇంకో ముక్క ఉంది.

అప్పటికి నాకు డెబ్బై ఒకటి. కుర్రతనం. ఇప్పుడు డెబ్బై మూడు కాబట్టి కాస్త బుద్ధి వచ్చింది. జన్వాడ వైపు ఫామ్‌హౌసుల ప్రహరీల్లో సగం నా చేతివే. సరే, సగం కాదు, నాలుగు. అందులో ఒకటి పడిపోయింది.

హైదరాబాదు నుంచి ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు ఐదుగురు మా సురంగల్‌కు వచ్చారు. వాళ్లకు పెద్ద నవ్య అనే అమ్మాయి. ఫైజాన్ అనే పొడుగు కుర్రాడి నడుముకు ఎప్పుడూ టేపు వేలాడుతుండేది. ఊళ్లో ఏ రాయి దొరుకుతుంది, ఏ మట్టికి పట్టు ఉంటుంది, జనం ఎక్కడ కూడి కూర్చుంటారు, ఇవన్నీ రాసుకోవాలి. చివరికి ఒకే ఒక్కచోట, సొంత చేతులతో, నీడా కూర్చునే బండా కట్టి వెళ్లాలి. అదీ వాళ్ల చదువు. రాళ్ల సంగతి అడగడానికి నా దగ్గరకు వచ్చారు.

రాయిని గోటితో కొట్టి వయసు చెబుతానన్నాను. నమ్మారు. చప్పుడు విని అది ఏ గుట్టదో చెబుతానన్నాను. అదీ నమ్మారు. అంత బాగా నమ్మే పిల్లలు ఎదురుగా కూర్చుంటే నిజం చెప్పడానికి ఎవరికి మనసొప్పుతుంది?

"తాతా, ఊర్ల అందరు డైలీ ఎక్కడ కూసుంటరు?" అని అడిగింది నవ్య.

"ఇంకెక్కడ, నా అరుగు మీదనే. పొద్దున కెల్లి పొద్దుమూకేదాంక కాలు వెట్ట సందుండదు."

ఆ సమయానికి అరుగు మీద ఒక కోడి ఉంది.

"ఇప్పుడెవరు లేరు గద?" అన్నాడు ఫైజాన్.

"మీరొచ్చిన్రని మర్యాదకు లేసి పోయిన్రు."

నవ్య తన మ్యాపు మీద మా ఇంటి దగ్గర ఎర్రచుక్క అంటించింది. "అయితే రేపు మార్నింగ్ వొచ్చి కౌంట్ చేస్తం," అంది. నేనూ కోడీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆ సాయంత్రమే మనుషుల కోసం బయలుదేరాను. మొదట సత్తెమ్మ ఇంటికి వెళ్లాను. ముడిమ్యాల వైపు పూలతోటల్లో పనికి పోయే మనిషి. మా ఆవిడ శాంతమ్మా, ఈ సత్తెమ్మా పన్నెండేళ్లు ఒకే ఆటోలో ఆ పనికి పోయారు. శాంతమ్మ చనిపోయి అప్పటికి రెండేళ్లు.

"చెల్లె, రేపు పొద్దున జర మా అరుగు మీద కూసుంటవా?"

"ఎందుకన్నా?"

"ఊకెనే."

"నీ అరుగు మీద ఏమున్నది? శాంతక్క ఉన్నప్పుడు వొచ్చినం. ఇప్పుడొస్తే నువ్వు గోడల ముచ్చట వెడతవు. అది అయిపోయే వరకు నా ఆటో పోతది."

ఇంకో ఆరిళ్లు తిరిగాను. అందరికీ పనులే. ఏడో ఇంటి ముందు నా నోటి నుంచి ఒక మాట దానంతటదే జారింది. "రేపు మా అరుగు మీద పట్నం పిల్లలు బీపీ చూస్తరు. ఫిరీ."

తెల్లారేసరికి కోడికి చోటు లేదు. జనం చేతులు ముందుకు చాచి వరసగా కూర్చున్నారు. పిల్లల మొహాలు వెలిగిపోయాయి. పైగా కూర్చునే బండ ఎంత ఎత్తుండాలో తేల్చడానికి వాళ్లకు మనుషుల మోకాళ్ల కొలతలు కావాలట. ఫైజాన్ టేపు తీసి వరసలో మొదట కూర్చున్న బాలమ్మవ్వ ముందు మోకరిల్లాడు.

"ఎంతున్నది బిడ్డా?"

"పదిహేడున్నది అవ్వా."

"ఎక్కువనా, తక్కువనా?"

"నార్మలే."

"మరి తలెందుకు తిరుగుతున్నది?"

ఫైజాన్ నావైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

"గోలీలు ఎప్పుడిస్తరు?" అని అవతలి నుంచి ఎవరో కేకేశారు. వాళ్లతో వచ్చే వారం అని చెప్పాను. పిల్లలతో ఆ మనిషికి జర మతిమరుపు అని చెప్పాను. నవ్య ముప్పై ఒక్కమందిని లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంది.

పది రోజుల్లో మా అరుగు ముందు నాలుగు రాతి స్తంభాలు లేచాయి. పైన పెంకులు, కింద షాబాద్ బండ. కర్ర చూపిస్తూ నేనే మేస్త్రీరికం చేశాను. వెళ్తూ వెళ్తూ నన్ను మధ్యలో కూర్చోబెట్టి ఫోటో తీసుకున్నారు. తర్వాత వారం రోజులు గోలీల కోసం ఎవరో ఒకరు వచ్చారు. ఆ పైన నేను, కోడి.

ఎండలు ముదిరాక ఒక పొద్దున ఊరి చివర రోడ్డు మూలమలుపు దాకా వెళ్లాను. పూలతోటలకు పోయే ఆటో కోసం ఆడవాళ్లు నెత్తిన కొంగు కప్పుకుని ఎండలో నిలబడి ఉన్నారు. సత్తెమ్మ నేల మీద కూలబడి ఉంది.

"ఏమైంది చెల్లె?"

"తల తిరిగింది."

"మా ఇంటి ముందర అంత నీడున్నది. ఆడొచ్చి కూసోరాదు?"

"ఆడ కూసుంటె ఆటో ఎట్ల కనవడతదన్నా?" కొంగుతో మొహం తుడుచుకుంది. "శాంతక్క గూడ ఓసారి గీడనే వడ్డది. నీకు చెప్పొద్దన్నది. గీడ ఓ బండ ఎయ్యమని నిన్ను అడిగిందట గద. రేపు ఏస్తడట, రేపు ఏస్తడట అని నవ్వేది."

ఇప్పటిదాకా ప్రతిదీ పెంచి చెప్పాను. దీన్ని పెంచడం నాకు చేతకావడం లేదు. అడిగింది. ప్రతి ఎండాకాలం ముందు అడిగింది. రేపు అన్నాను. ఎవరెవరి తోటలకో గోడలు కట్టి వచ్చి, అన్నం తిని, రేపు అన్నాను. బండ ఎక్కడో లేదు, మా పెరట్లోనే గోడ పక్కన పడి ఉండేది. దాని మీదే ఆమె బట్టలు ఉతికేది.

నవ్యకు ఫోన్ చేశాను.

"ప్రాజెక్టు సబ్మిట్ చేసినం తాతా. మార్కులు గూడ వొచ్చినయ్."

"బిడ్డా, ఆ ముప్పై ఒక్కమంది బీపీకి వొచ్చిన్రు."

అవతల పుస్తకం పేజీలు తిరగేసిన చప్పుడు. "మరి మోకాళ్ల కొలతలు?"

"అవి నిజమే."

ఆదివారం ఐదుగురూ వచ్చారు. పెంకులు దించి, స్తంభాలు పీకి, మూలమలుపు దగ్గర పాతి మళ్లీ కప్పాం. షాబాద్ బండ వద్దని పెరట్లోని ఆ బండే మోయించాను. ఎత్తు పదిహేడు అంగుళాలు, బాలమ్మవ్వ మోకాలి లెక్క.

"ఎందుకు తాతా, అట్ల చెప్పినవు?" అంది నవ్య.

"ఒక్కపూటన్న అరుగు నిండితే చూద్దామని."

ఆమె మ్యాపు మీది ఎర్రచుక్క గోటితో లేపి మూలమలుపు దగ్గర అంటించింది.

వారం తిరిగాక సోమవారం పొద్దున గట్టిదనం చూసే నెపంతో ముందుగా నేనే కూర్చున్నాను. ఆడవాళ్లు వచ్చారు. సత్తెమ్మ రవిక చేయి పైకి లాగి నా ముక్కు ముందు చేయి చాచింది. "చూడన్నా మరి, బీపీ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఇగ జరుగు. మా జాగ అది."

లేచి, ఆటో వచ్చేదాకా ఎండలో నిలబడ్డాను. ఆ రోజు ఆటో చాలా ఆలస్యంగా వచ్చింది.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, నెత్తిమీది తువ్వాల చేత్తో పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట టేపుతో ఎవరికీ బీపీ చూపించను. కోడిని జనంలో కలపను. బండ వేయమని ఎవరడిగినా రేపు అనను, ఆ పూటే వేస్తాను. ఈ మాట ఊళ్లో పొక్కి ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. అడగవలసిన ఒక్క మనిషి తప్ప.