గోదావరి రేవులో తొమ్మిది నిమిషాలు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మూడో ఏడు, దసరా వెళ్లిన వారానికి, మా బొగ్గుబాయి ఆఫీసు గోడకు ఒక కాగితం అంటించారు. బదిలీ ఫిల్లర్ రాజమల్లును మూడు నెలల పాటు కంపెనీ సైకిల్ జట్టులోకి తీసుకుంటున్నట్టు అందులో రాసి ఉంది. ఆ రాజమల్లు నేనే. ఫిల్లర్ అంటే బాయిలో పేల్చిన బొగ్గును తట్టలతో ఎత్తి టబ్బుల్లో నింపేవాడు. బదిలీ ఫిల్లర్ అంటే, పర్మనెంటు మనిషి ఎవరైనా పనికి రాకపోతే ఆ పూటకు అతని బదులు దిగేవాడు. పొద్దున్నే వెళ్లి నిలబడాలి. పేరు పిలిస్తే పని, పిలవకపోతే ఇంటికి. నాలుగేళ్లు అలా నిలబడ్డాను.

పెద్ద కంపెనీలు, సర్కారు శాఖలు ఆటగాళ్లను కొలువులో పెట్టుకునే పద్ధతి అప్పటికే ఉంది. హాజరు పుస్తకంలో ఫిట్టర్ అనో మజ్దూర్ అనో ఉంటుంది. సగం పూట ఆ పని, సగం పూట ఆట. ఆ తరువాత పదేళ్లు నేను రోడ్డు పందేల్లో సైకిల్ తొక్కే బతికాను. మా బాపు మాత్రం నమ్మలేదు. "సైకిల్ తొక్కుడు గూడ ఒక నౌకరేనారా?" అని పోయేదాకా అడుగుతూనే ఉన్నాడు. 

జట్టులో నలుగురం. నాయకుడు గట్టయ్య, బొగ్గు టబ్బులను లాగే హాలేజీ యంత్రాల ఫిట్టరు, నాకంటే పన్నెండేళ్లు పెద్ద. ఆయనకు అదే ఆఖరి ఏడు అని అందరికీ తెలుసు. రోడ్డు పందెం తెలియనివారి కోసం ఒక మాట చెప్పాలి. ముందు తొక్కేవాడు గాలిని చీల్చుకుంటూ పోతాడు. వాడి చక్రానికి ఆనుకుని వచ్చేవాడికి సగం బరువు తప్పుతుంది. అందుకే జట్టులో కుర్రవాళ్లు నాయకుడి ముందు వంతులవారీగా తొక్కుతారు. దీన్ని మేము గాలి కోయడం అనేవాళ్లం. గాలి కోసేవాడు గమ్యం దగ్గరికి వచ్చేసరికి పిప్పి అయిపోతాడు. పేరు నాయకుడికి వస్తుంది. అది అన్యాయం కాదు, ఆ పని తీరే అది.

నాకొచ్చిన చిక్కు అక్కడే. మా వెల్ఫేర్ ఆఫీసరు కోస్తా నుంచి వచ్చిన మనిషి, ముక్కుసూటిగా మాట్లాడేవాడు. "చూడు రాజమల్లూ, పర్మనెంటు ఖాళీ ఒక్కటే ఉంది. కరీంనగర్ నుంచి చెన్నూరు దాకా జరిగే పందెంలో మొదటి ముగ్గురిలో వచ్చావంటే నీ పేరు పైకి పంపిస్తాను. రాలేదనుకో, మూడు నెలలయ్యాక మళ్లీ ఫిల్లరువే. నన్ను మాత్రం అడగొద్దు" అన్నాడు. గాలి కోసేవాడు మొదటి ముగ్గురిలో ఎలా వస్తాడు? ఆ మాట గట్టయ్యతో అంటే పకపకా నవ్వాడు. "ముందుగాల నా గాలి కొయ్యిరా. నీ నౌకరి సంగతి దారిల సూద్దాం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ నాయకుడి మాట మీద మాట లేదు.

పందెం దూరం ఎనభై మైళ్లు. కరీంనగర్‌లో పొద్దు పొడవగానే బయలుదేరి, చొప్పదండి మీదుగా గోదావరి రేవుకు చేరి, నది దాటి, అవతలి ఒడ్డున మళ్లీ రోడ్డెక్కి చెన్నూరు పోవాలి. అప్పటికి ఆ రేవులో వంతెన లేదు. మనిషైనా మేకైనా పడవలోనే దాటాలి. నది వల్ల ఎవరికీ లాభనష్టాలు ఉండకూడదని ఒక నియమం పెట్టారు. ఇవతలి ఒడ్డుకు ఎవరు ఎప్పుడు వచ్చారో టైమ్‌కీపర్ చిట్టీ మీద రాసి సంతకం చేస్తాడు. అందరూ తీరిగ్గా పడవ దాటుతారు. అవతలి ఒడ్డున, ఎవరెంత ముందు వచ్చారో అంత ముందుగా వదులుతారు. చిట్టీ లేకుండా పడవెక్కితే పందెంలోంచి తీసేస్తారు.

నియమం బాగానే ఉంది. టైమ్‌కీపర్ మాత్రం ఒక్కడే. హైదరాబాద్ నుంచి వచ్చిన ఖాసిం సాబ్. ఆయనకు ఒక జీపు. జీపు సైకిళ్ల కంటే ముందే రేవుకు చేరుతుంది గదా అని అందరి ధీమా. రేవులో ఇంకో మనిషిని పెట్టాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

చొప్పదండి దాటాక హైదరాబాద్ జట్టువాడు ఒకడు కంకర మీద జారి పడ్డాడు. వాణ్ణి ఎక్కించుకోవడానికి జీపు ఆగింది. ఇంకొంచెం ముందుకు పోతే వాగు మీద ఇరుకు కల్వర్టు. పత్తి బండ్లు బారుగా వస్తున్నాయి. నేను గుంపుకంతా ముందుండి గట్టయ్యకు గాలి కోస్తున్నాను కాబట్టి మొదటి బండి కల్వర్టు ఎక్కేలోపే దూరి అవతల పడ్డాను. నా వెనక, కల్వర్టు మీదే, రెండో బండి ఇరుసు ఫెళ్లున విరిగింది. పత్తి బస్తాలు రోడ్డు నిండా దొర్లాయి. వెనక వచ్చేవాళ్లంతా అక్కడే ఆగిపోయారు. నేను కాలు కింద పెట్టి చూస్తుంటే, అవతల నుంచి గట్టయ్య చెయ్యి ఊపుతూ అరిచాడు: "నిలబడ్డవేందిరా? పో! ఉరుకు!"

పోయాను. వెనక ఎవరూ లేరు, ముందు ఎవరూ లేరు. సీసాలోని జొన్న అంబలి రెండు గుటకలు తాగి, జేబులోని బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, వంచిన తల ఎత్తకుండా తొక్కాను. మిగతావాళ్లు సైకిళ్లు భుజాన వేసుకుని వాగులో దిగి, బురద దాటి, మళ్లీ రోడ్డెక్కాల్సి వచ్చిందని తరువాత తెలిసింది.

రేవుకు చేరేసరికి ఖాసిం సాబ్ లేడు. జీపూ లేదు. పడవ ఉంది, పడవవాడు పోశం ఉన్నాడు. సంతకు పోయే ఆడవాళ్లు గంపలతో ఎక్కి కూర్చున్నారు. పోశానికి యాభై దాటి ఉంటాయి. చెవి సందున బీడీ, చేతిలో గడ. నన్ను చూసి, "రా అల్లుడా, ఎక్కు. సైకిలోళ్లను దాటియ్యిమని పట్వారి చెప్పిండు" అన్నాడు.

"చిట్టీ లేంది ఎక్కద్దు మామా. సారు రాలే" అన్నాను.

"సారు కోసం గోదారి ఆగదు" అని గడ వేసి పడవ తోసుకుపోయాడు. బీడీ ముట్టించి, పొగ వదులుతూ, ఆడవాళ్లతో పరాచికాలాడుతూ నిమ్మళంగా పోతుంటే ఒడ్డున నిలబడి చూశాను. అవతల గంపలు దించి, ఇంకో బీడీ ముట్టించి, అంతే నిమ్మళంగా తిరిగి వచ్చాడు. పడవ మా ఒడ్డును తాకేసరికి గట్టయ్యతో సహా గుంపంతా బురద కాళ్లతో దిగింది. ఆ వెనకే, బండినీ బస్తాలనూ పక్కకు తీయించుకుని వచ్చిన జీపు.

ఖాసిం సాబ్ మా ముఖాలు చూశాడు, చేతిలోని ఖాళీ చిట్టీలు చూశాడు. రాసిన టైము ఎవరిదీ లేదు. అందరూ ఒక్కచోటే ఉన్నారు. ఇక అందరినీ ఒక్కసారే వదలాల్సిందే అన్నాడు.  నోటిదాకా వచ్చిన కూడు ఎవరో గుంజుకున్నట్టయింది. అభ్యంతరం చెప్పే హక్కు నాయకుడికే ఉంటుంది, తొక్కేవాడు నోరు విప్పకూడదు. గట్టయ్య ముందుకు పోయి, పిల్లగాడు అందరికంటే ఎంతో ముందు వచ్చాడని చెప్పాడు. ఎంత ముందో చెప్పమన్నాడు ఖాసిం సాబ్. అది గట్టయ్యకు తెలియదు, నాకూ తెలియదు. మా ఎవరి చేతికీ గడియారం లేదు.

అప్పుడు పోశం కల్పించుకున్నాడు. "గీ పోరడు వచ్చినంక నేను ఒక తిప్పు పోయచ్చిన సారూ. నేను రాంగనే గీళ్లంత దిగిండ్రు."

"ఒక తిప్పుకు ఎంతసేపు?"

"రెండు బీడీలు."

అందరూ నవ్వారు. ఖాసిం సాబ్ నవ్వలేదు. పెద్దమనిషి, న్యాయం తెలిసినవాడు. "అచ్ఛా, అట్లనే ఒక తిప్పు పోయి రా. నేను ఘడీ చూస్త" అన్నాడు. అంతకుముందు మంది ఎక్కారని గట్టయ్య గుర్తు చేస్తే, ఒడ్డున చూడవచ్చిన వాళ్లలో ఏడుగురిని పడవలో కూర్చోబెట్టారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. పోశం తిప్పు పావుగంటకు తక్కువ ఉండదని నా అంచనా. అంత ఆధిక్యం దొరికితే చెన్నూరు దాకా నన్ను పట్టేవాడు ఉండడు.

ఖాసిం సాబ్ గడియారం నొక్కాడు. పోశం ఇంకో బీడీ చెవి సందున పెట్టుకుని, ఒకసారి వెనక్కి చూశాడు. ఒడ్డు మీద జీపు, చేతిలో గడియారంతో దొర, పట్నం పిల్లలు, ఊరి జనం. గడ నీళ్లలో వేశాడు చూడండి, ఏం వేశాడు! పడవ చేపలా ఉరికింది. బీడీ లేదు, పరాచికం లేదు. పడవలో వాళ్లు చెక్కలు పట్టుకుని కూర్చున్నారు. ఒడ్డు మీద పిల్లలు ఈలలు. "శభాష్ పోశం!" అని ఊరివాళ్లు కేకలు. ఆ కేకలకు ఆయన ఇంకా రెచ్చిపోయాడు. నేను ఇసుకలో నిలబడి, 'ఓరి మామా, నా కొంప ముంచుతున్నావు గదా, జర మెల్లగ పోవయ్యా!' అని లోపల లోపల ఏడుస్తున్నాను. గట్టయ్య అయితే తల పట్టుకుని కూర్చున్నాడు.

పోశం రొప్పుతూ ఒడ్డుకు దూకి, మీసం తుడుచుకుని, ఎంతసేపు పట్టిందని అడిగాడు. తొమ్మిది నిమిషాలు. జనం చప్పట్లు కొట్టారు.

"సార్, రెండు బీడీలన్నడు. ఆ బీడీ ఇంక చెవుల్నే ఉన్నది సూడుండ్రి" అన్నాడు గట్టయ్య. ఖాసిం సాబ్ పోశం చెవి వైపు చూశాడు, తన కాగితం వైపు చూశాడు. గడియారం చెప్పింది రాశాను, రాసింది కొట్టెయ్యను అన్నాడు. ఆ చిట్టీతో నది దాటాను.

అవతలి ఒడ్డున నన్ను వదిలేముందు గట్టయ్య నా సైకిల్ సీటు పట్టుకుని, "ఎనుకకు సూడకు. ఇగ నా ఫికర్ ఇడిసిపెట్టు. నీ నౌకరి సంగతి దారిల సూద్దామంటి గద, ఇదే ఆ దారి" అన్నాడు.

మంచిర్యాల దాకా బాగానే తొక్కాను. ఆ తరువాత ఎదురుగాలి మొదలైంది. ఒంటిగాడికి ఎదురుగాలి శత్రువు. గుంపుకు అది లెక్క కాదు, వంతులేసుకుని కోసుకుంటూ వస్తారు. చెన్నూరు ఇంకా మూడు మైళ్లుందనగా వెనక చైన్ల చప్పుడు వినిపించింది. హైదరాబాద్ వాళ్లు ఇద్దరు నన్ను దాటిపోయారు. వాళ్ల చక్రాన్ని అంటుకునే ప్రయత్నం చేశాను. కాళ్లు రాలేదు. ఇప్పుడు నాది మూడో స్థానం. వెనక ఇంకో ఇద్దరున్నారు. ఒకడు హైదరాబాద్ వాడు. రెండోవాడు గట్టయ్య.

గట్టయ్య నా పక్కకు వచ్చాడు. ఆయన కాళ్లలో ఇంకా సత్తువుంది, నాకు తెలుస్తూనే ఉంది. దాటిపోతే మూడో స్థానం ఆయనది, ఆఖరి ఏడు బహుమతి ఆయనది. దాటాడు. దాటి, సరిగ్గా నా ముందుకు వచ్చి, భుజాలు వెడల్పు చేసి గాలి కోయడం మొదలుపెట్టాడు. "అంటుకో బిడ్డా! ఇడువకు!" అని అరుస్తూనే ఉన్నాడు. ఊరి మొదట్లో తెల్లగీత కనబడగానే పక్కకు తప్పుకున్నాడు. నేను మూడోవాణ్ణి, ఆయన నాలుగు, హైదరాబాద్ వాడు ఐదు. గీత దాటి పడిపోయి, మట్టిలో ముఖం పెట్టి ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఎందుకు ఆగావని వెల్ఫేర్ ఆఫీసరు గట్టయ్యను నిలదీశాడు. "చైన్ జారింది సార్" అన్నాడు గట్టయ్య. ఆ చైను ఎప్పుడూ జారిన చైను కాదు.

సంక్రాంతికి ముందే పర్మనెంటు కాగితం వచ్చింది. ఖాసిం సాబ్ దగ్గర చూసినప్పటి నుంచి మనసు పడ్డ గడియారం లాంటిదే పాతది ఒకటి సంపాదించాను. ఒక బీడీ కట్ట కొనుక్కుని రేవుకు పోయాను, పోశం మీద ఉన్న కోపం తీర్చుకుందామనే. అంత జోరుగా గడ వేయమని నీకెవరు చెప్పారని అడిగాను.

"దొర గడియారం పట్టుకుని సూత్తుంటె మెల్లగ ఏత్తనా? ఇజ్జత్ పోదా?" అన్నాడు. తరువాత బీడీ కట్ట లాక్కుని, "నౌకరి అచ్చింది గద. ఏరు దాటినంక తెప్ప తగలేసినట్టు మాట్లాడకు అల్లుడా. ఎక్కు" అన్నాడు. పడవెక్కాను. ఆయన బీడీ ముట్టించాడు. నేను గడియారాన్ని తువ్వాల కింద పెట్టుకుని ఒక తిప్పు కొలిచాను. పద్నాలుగు నిమిషాలు పట్టింది. రెండు బీడీలు అయిపోయాయి.

తొక్కడం మానేశాక కంపెనీ నన్ను కొత్తవాళ్లకు శిక్షకుడిగా పెట్టింది. ఎవరి వేగమైనా కొలవాల్సి వచ్చినప్పుడు వాళ్లకు గడియారం చూపించలేదు. కొలుస్తున్నారని తెలిస్తే మనిషి ఆ పూటకు తన పరువు కోసం పనిచేస్తాడు. రోజూ చేసే పని ఎంతో తెలియాలంటే గడియారం తువ్వాల కిందే ఉండాలి.