అల్బీనాకిచ్చిన తాడు

అల్బీనా గురించి అడిగితే మా ఊళ్ళో ఎవరైనా ముందు ఆమె నవ్వు గురించే చెబుతారు. సంత రోజున ఆమె జొన్న కల్లు పోసే తన పీటో పాకలో నవ్విందంటే చర్చి మెట్ల దాకా వినిపిస్తుంది. నేను చెప్పాల్సింది మాత్రం వేరే ఉంది. ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

ఆమెది నది అవతలి ఊరు. మా ఆయన పినతండ్రి కొడుకు జియెంని చేసుకుని వచ్చింది, అంటే నాకు తోటికోడలు. అప్పటికే నేను ఇరవై ఏళ్ళుగా పీటో కాస్తున్నాను. జొన్నలు మొలకెత్తించడం, ఎండబెట్టి దంచడం, రెండు రోజులు మరిగించడం, ఇందులో నాకు వంక పెట్టినవాళ్ళు లేరు. ఈవిడ వచ్చిన రెండో ఏటికల్లా నా పాకలో బల్లల మీద కోళ్ళు కూర్చునేవి. మనుషులంతా అక్కడే! నాకు ఒళ్ళు మండిపోయేది.

అయినా ఆమె చెడ్డదని అనలేను, అదే నా బాధ. మూడేళ్ళు మంచాన పడ్డ అత్తగారికి ఒళ్ళు తుడిచింది, జావ తాగించింది, ముసలామె తిడితే నవ్వింది. ఆ అత్తగారు పోయాక, ఆఖరి కర్మకు పీటో కాయాల్సింది కూడా అల్బీనాయే. మాలో చచ్చినవాళ్ళకు ఆ రోజు కుండలో పీటో పొంగితేనే సాగనంపినట్టు.

సరిగ్గా అప్పుడే ఆమె మడ్డి తాడును మేక నమిలేసింది. లావుగా పేనిన ఆ తాడుకే మా వృత్తంతా వేలాడుతుంది. చల్లారిన కుండలో దాన్ని వేస్తే, దానికి పట్టి ఉన్న పాత పులిసిన మడ్డి దిగి తెల్లారేసరికి పొంగు వస్తుంది. మళ్ళీ తీసి ఆరబెట్టుకుంటాం. వేడి తగిలితే మాత్రం ఆ మడ్డి చచ్చి ఊరుకుంటుంది. అడిగినవాళ్ళకు తాడు లేదనకూడదు. అది మా అమ్మమ్మల నాటి కట్టు.

"అక్కా, కొంచెం తాడు ఇవ్వవా? రేపే కర్మ," అంటూ వాకిట్లో నిలబడింది.

లేదనడానికి లేదు. ఇవ్వడానికి మనసు రాలేదు. లోపలికెళ్ళి తాడులో సగం కోశాను. పొయ్యి మీద కుతకుతలాడుతున్న కుండలో ముంచి, గరిటెతో తీసి, పిండి, గుడ్డలో చుట్టాను. వేళ్ళు కాలాయి.

"తడిగా ఉందేంటక్కా?"

"ఇప్పుడే కుండలోంచి తీశానే. పో, పొద్దుపోతోంది."

"నువ్వు చల్లగుండాలక్కా," అంటూ రెండు చేతులతో అందుకుని పరుగెత్తింది.

మర్నాడు అయిదు కుండల్లోనూ నురగ లేదు. తియ్యటి జొన్న నీళ్ళు, అంతే. వచ్చిన చుట్టాలు తాగే సొరకాయ బుర్రలు కింద పెట్టేసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఇంటి పెద్దావిడ అయువో అత్త నడివాకిట్లో నిలబడి అరిచింది.

"చూశారా! పోయినామె వద్దంది. కోడలు సరిగ్గా చూసుంటే ఎందుకు వద్దంటుంది?"

అల్బీనా కుండల వైపే చూసింది. గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. నేను జనంలో ఉన్నాను, రెండడుగులు వేస్తే చాలు. వేయలేదు. ఛీ, నాదీ ఒక బతుకేనా అని ఆ రోజు అనుకున్నాను, రేపు చెబుదామనీ అనుకున్నాను. ఆ రేపు రాలేదు.

ఆ అపవాదుతో ఆమె పాకకు ఎవరూ రాలేదు, రెండేళ్ళు ఆమె పీటో పొయ్యి వెలగలేదు. నూనె తీసే షియా గింజలు ఏరుకుంటూ, బుట్ట నెత్తిన పెట్టుకుని మా వాకిలి ముందు నుంచే వెళ్ళేది. "బాగున్నావా అక్కా?" అని పలకరించేది. ఆ పలకరింపు కన్నా రెండు తిట్లు తిట్టినా బాగుండేది. తర్వాత నది దాటి పుట్టింటి నుంచి తాడు తెచ్చుకుంది. పాక మళ్ళీ నిండింది గానీ, మా వాళ్ళ కర్మకు మాత్రం ఆమెను ఎవరూ కాయమనలేదు.

మొన్న వానల్లో మా వంటింటి గోడ కూలి నా తాడు మట్టిలో కుళ్ళిపోయింది. మూడు రోజుల్లో, ఈ ఏడే పోయిన మా ఆయన ఆఖరి కర్మ. ఇంటి కర్మకు ఇంటి కోడళ్ళ తాడే పడాలి, కోడళ్ళలో పీటో కాచేది మేమిద్దరమే. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాను.

పొద్దున్నే పాకంతా పొగ. మూడు కుండలు ఉడుకుతున్నాయి, నీళ్ళు తేరడానికి ఆమె బెండ కాడలు నలిపి వేస్తోంది. నేను అడగకముందే చెయ్యి కడుక్కుని, చూరులోంచి తాడు దించి, సగానికి కోసింది.

"పట్టుకుని చూడక్కా. చల్లగా ఉందా?"

తాడు మీద పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఆ రోజు నువ్విచ్చింది వెచ్చగా ఉండింది. కంగారులో పట్టించుకోలేదు. కర్మ అయ్యాక గుడ్డ ఉతుకుతుంటే తట్టింది."

"మరి... చెప్పలేదేమే?"

"తాడు ఇచ్చిన మనిషినే అంటే ఎవరు నమ్ముతారు? నువ్వే చెబుతావనుకున్నా." మళ్ళీ కుండ వైపు తిరిగింది. "చల్లారాకే వెయ్యి. బావగారి కర్మకు నేనూ వచ్చి వడ్డిస్తా."

చెబుతాను, కర్మ రోజున అందరి ముందూ చెబుతాను అని దారి పొడుగునా ఒట్టు పెట్టుకున్నాను.

కుండలు పొంగాయి. నురగ అంచులు దాటింది. కాచిన మనిషే ముందు తాగాలి కాబట్టి బుర్ర నా చేతికిచ్చారు. జనమంతా చూస్తున్నారు. అయువో అత్త మురిసిపోయింది.

"మా వాడు ఒప్పుకున్నాడు! చెయ్యంటే క్లొటిల్డాది. అందరి చేతులూ ఇలా ఉంటాయా?" అంటూ నా భుజం తట్టి, అల్బీనా వైపు చూసింది.

అల్బీనా గరిటె పట్టుకుని నా పక్కనే ఉంది. తలెత్తి నన్నే చూసింది.

నేను బుర్ర నోటికి పెట్టుకున్నాను. ఒక్క గుక్క తాగి దించాలి. దించలేదు. బుర్ర నోటి దగ్గర ఉన్నంతసేపూ మాట్లాడక్కర్లేదు కదా! ఊపిరాడకపోయినా అడుగుదాకా తాగాను.

దించేసరికి అల్బీనా వంగి మళ్ళీ నింపింది.